చేతులు మారినా నిలిచిన పేజీలు

కాలేజీలో ఒక సాహిత్య సంఘమో, క్విజ్ క్లబ్బో, నాటక సమాజమో ముప్పై నలభై ఏళ్లు బతకవచ్చు. దాన్ని నడిపేవాళ్లు మాత్రం ఏడాదికో రెండేళ్లకో మారిపోతూనే ఉంటారు. చేరిన కొత్తలో పని తెలుసుకోవడానికి కొంత కాలం పోతుంది, బాధ్యత మోసేది ఒక ఏడాది, ఆఖరి ఏడాది ఉద్యోగాల వేటలోనో పైచదువుల పరీక్షల్లోనో గడిచిపోతుంది. జమాఖర్చుల పుస్తకం, రబ్బరు స్టాంపు, బీరువా తాళం ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కి అందుతూ వచ్చినంత కాలం ఈ మార్పిడి పెద్ద చిక్కేమీ కాలేదు. 1990ల నడిమికి వచ్చేసరికి ఆ అప్పగింతల్లో వెబ్‌సైట్ కూడా చేరింది. అప్పటి నుంచి నేటి దాకా ఎన్నో క్లబ్బుల వెబ్‌సైట్లు పుట్టాయి, మెరిశాయి, మాయమయ్యాయి. ఏది నిలిచింది, ఏది పోయింది అన్నది వాటిని కట్టినవాళ్ల తెలివిని బట్టి తేలలేదనీ, తర్వాతి బ్యాచ్‌కి అప్పగించాల్సిన బరువు ఎంత తక్కువగా ఉంది అన్నదాన్ని బట్టే తేలిందనీ ఈ వ్యాసంలో నా వాదన. ఆ కొలతతో చూస్తే, అన్నిటికంటే పాతదీ అన్నిటికంటే సాదాదీ అయిన స్టాటిక్ వెబ్‌సైటే విద్యార్థి సంఘానికి సరిపడ్డ రూపం. దీని మీద గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని తప్పించుకోకుండా చరిత్ర దగ్గరి నుంచే మొదలుపెడదాం.

స్టాటిక్ వెబ్‌సైట్ అంటే ముందే రాసిపెట్టిన ఫైళ్ల కట్ట. ఎవరైనా పేజీ అడిగితే సర్వర్ ఆ ఫైలు తీసి, ఉన్నది ఉన్నట్టుగా పంపుతుంది. డైనమిక్ సైట్‌లో పేజీ అనేది ముందుగా ఎక్కడా ఉండదు. అడిగినప్పుడల్లా ఒక ప్రోగ్రాం డేటాబేస్‌లోంచి ముక్కలు ఏరి, అప్పటికప్పుడు కూర్చి ఇస్తుంది. మొదటిది అచ్చయి అల్మరాలో ఉన్న పుస్తకమైతే, రెండోది పాఠకుడు వచ్చినప్పుడల్లా అక్షరాలు పేర్చి అచ్చు వేసిచ్చే ప్రెస్సు. పుస్తకానికి చెదలు పట్టని చోటు దొరికితే చాలు. ప్రెస్సుకు రోజూ పనివాళ్లు రావాలి.

వెబ్ పుట్టింది స్టాటిక్ గానే. 1991 ఆగస్టులో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనశాల నుంచి లోకానికి చూపించినవి ఇలాంటి సాదా పేజీలే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించడంతో విశ్వవిద్యాలయాలకు దారి తెరుచుకుంది. అదే ఏడాది అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటింగ్ కేంద్రం మొజాయిక్ బ్రౌజర్‌ను విడుదల చేసింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరైన మార్క్ ఆండ్రీసన్ అప్పటికింకా విద్యార్థి. అక్కడే రాబ్ మెకూల్ రాసిన సర్వర్ ప్రోగ్రాం మీదే 1995లో అపాచీ సర్వర్ నిర్మాణం జరిగింది. ఆ ప్రోగ్రాంలో ఉన్న ఒక చిన్న ఏర్పాటు విద్యార్థి సంఘాల చరిత్రకు చాలా ముఖ్యం. కాలేజీ కంప్యూటర్‌లో ఖాతా ఉన్నవాళ్లెవరైనా తమ జాగాలో ‘పబ్లిక్ హెచ్‌టీఎంఎల్’ అనే ఫోల్డర్ పెట్టుకుంటే, అందులో వేసిన ఫైళ్లన్నీ టిల్డా గుర్తు పక్కన వాళ్ల లాగిన్ పేరుతో ప్రపంచానికంతా కనిపించేవి. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, ఏ రుసుమూ కట్టనక్కర్లేదు. చదరంగం క్లబ్బు కార్యదర్శి ఒక సాయంత్రం కూర్చుంటే క్లబ్బుకు వెబ్‌సైట్ వచ్చేసేది.

అసలు విశ్వవిద్యాలయాల కంటే విద్యార్థులే ముందు నడిచిన చోట్లున్నాయి. మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో 1969 నుంచి ఉన్న స్టూడెంట్ ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్ బోర్డ్ అనే విద్యార్థి సంఘం 1993లో వెబ్ సర్వర్ పెట్టింది. మాథ్యూ గ్రే అనే భౌతికశాస్త్ర విద్యార్థి ఆ పనిలో ముందున్నాడు. ఆ ఏడాదే అతడు వెబ్ అంతా తిరిగి సైట్లను లెక్కపెట్టే ప్రోగ్రాం రాశాడు. జూన్ 1993లో దానికి దొరికిన సైట్లు 130. అంటే ప్రపంచంలో వెబ్‌సైట్లు వందల్లో ఉన్న రోజుల్లోనే వాటిలో ఒకటి విద్యార్థి సంఘానిది. ఎంఐటీ పేరుకు ముందు మూడు డబ్ల్యూలు ఉండే ప్రధాన చిరునామా అప్పటికే ఆ విద్యార్థుల చేతిలో ఉండటంతో, సంస్థ తన అధికారిక సైట్‌కు ‘వెబ్’ అన్న మాటతో మొదలయ్యే వేరే చిరునామా పెట్టుకోవలసి వచ్చింది. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయంలో 1973లో పుట్టిన లిసేటర్ అనే కంప్యూటర్ సంఘానిది మరో దారి. పాత డేటాసాబ్ డీ21 యంత్రంతో మొదలైన ఆ సంఘం సభ్యులు 1992 డిసెంబరులో రూనెబెర్గ్ ప్రాజెక్టును ఆరంభించారు. స్కాండినేవియా దేశాల పాత సాహిత్యాన్ని టైపు చేసి, తర్వాత తర్వాత స్కాన్ చేసి, అందరికీ ఉచితంగా అందించడం వారి ఉద్దేశం. వెబ్ ఇంకా వ్యాపించని రోజులవి. మొదట ఫైళ్లను గోఫర్ అనే పాత పద్ధతిలో పంచి, వెబ్ వచ్చాక అందులోకి మార్చారు. ఆ రోజుల విద్యార్థులు ఎప్పుడో వృత్తుల్లోకి వెళ్లిపోయారు. పుస్తకాలు మాత్రం ఇప్పటికీ చదువుకోవచ్చు.

ఇక్కడే మొదటి అభ్యంతరం రావడం సహజం. ఎంఐటీ, లిన్‌షోపింగ్ సంఘాలు కంప్యూటర్ సంఘాలు కదా, సొంత యంత్రాలున్నాయి, ఏటా యంత్రాలంటే ప్రాణం పెట్టే కొత్తవాళ్లు చేరతారు, కాబట్టి వాళ్ల పేజీలు నిలవడంలో స్టాటిక్ గొప్పతనం ఏముంది? ఈ మాటలో నిజముంది. నాటక సమాజానికో పర్వతారోహణ క్లబ్బుకో అలాంటి బలగం ఉండదు. వాళ్ల సైట్ ఎవరో ఒక సభ్యుడి సొంత ఖాతాలో, అతని టిల్డా కింద ఉండేది. అతను డిగ్రీ పుచ్చుకుని వెళ్లిన కొన్ని నెలలకు కాలేజీ ఆ ఖాతా మూసేసేది. అప్పుడు సంఘం వెబ్‌సైట్ కూడా పోయేది. పేజీ స్టాటిక్ అయినంత మాత్రాన దానికి చిరాయువు రాదని తొలి దశాబ్దమే తేల్చింది. అయితే ఆ దశాబ్దంలోనే దీనికి మందు కూడా దొరికింది. అది సాఫ్ట్‌వేర్ కాదు, పరిపాలనలో వచ్చిన మార్పు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1989లో విద్యార్థులు పెట్టుకున్న ఓపెన్ కంప్యూటింగ్ ఫెసిలిటీ విడివిడి విద్యార్థులకే కాక విద్యార్థి సంఘాలకు కూడా ఖాతాలు ఇచ్చింది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో 1999లో మొదలైన స్టూడెంట్ రన్ కంప్యూటింగ్ ఫెసిలిటీ గ్రూపు ఖాతా పద్ధతిని నడుపుతోంది. ఖాతా సంఘం పేరు మీద ఉంటుంది, నిర్వాహకులుగా ఒకరికంటే ఎక్కువమంది ఉండవచ్చు, ఒక్కొక్కరు తమ తమ సొంత లాగిన్‌తో లోపలికి వస్తారు. పాతవాళ్లు వెళ్లిపోతే పేరు తీసేస్తారు, కొత్తవాళ్లను చేరుస్తారు, ఫైళ్లు కదలవు. విద్యార్థి వెబ్‌సైట్ల చరిత్రలో ఇంతటి మేలు చేసిన ఆవిష్కరణ మరొకటి లేదని నా అభిప్రాయం. ఆస్తిని మనిషి నుంచి విడదీసి సంఘానికి కట్టబెట్టింది ఇదే. దీనికి స్టాటిక్ ఫైళ్లు తోడైతే అప్పగింత అంటే నిర్వాహకుల జాబితాలో పేరు మార్చడమే.

మన దేశంలో ఈ ఏర్పాటు చాలా కాలం దొరకలేదు. 1986లో మొదలైన ఎర్నెట్ అనే విద్యా, పరిశోధన నెట్‌వర్క్ ముందుగా ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్‌సీ వంటి కొద్ది సంస్థలనే కలిపింది. సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చినా, మామూలు ఇంజనీరింగ్ కాలేజీ క్లబ్బుకు కాలేజీ సర్వర్‌లో జాగా అన్నది ఊహకు కూడా అందేది కాదు. అలాంటి చోట్ల దిక్కయినవి జియోసిటీస్ వంటి ఉచిత సైట్లు, యాహూ గ్రూపులు. 1994లో పుట్టిన జియోసిటీస్‌ను యాహూ 1999లో కొనుక్కుని, 2009 అక్టోబరు 26న మూసేసింది. అందులోని పేజీలన్నీ స్టాటిక్ పేజీలే. అయినా పోయాయి. ఇది నా వాదనకు ఎదురు సాక్ష్యంగా కనిపించవచ్చు, కానీ ఆ కథ చివరిదాకా చూడాలి. మూసివేత ప్రకటించగానే ఆర్కైవ్ టీమ్ స్వచ్ఛంద సేవకులు, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు ఆ పేజీలను పెద్దఎత్తున దింపి భద్రపరచగలిగారు. పేజీ ఫైలు రూపంలో ఉండబట్టే అది సాధ్యమైంది. పేజీ చూడగలిగినవాడు దాన్ని దాచుకోనూ గలడు. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడ్డప్పుడు ఆ సౌకర్యం ఉన్నవాళ్లు తక్కువ. సభ్యులకు మాత్రమే కనిపించే ఉత్తరాలను బయటివాళ్లు కాపాడటం కష్టం. మన కాలేజీల పాత బ్యాచ్‌ల సంభాషణల్లో చాలా భాగం అలా పోయింది.

తెలుగుకు సంబంధించిన ఒక సాక్ష్యం ఈ వాదనకు మరింత లోతు ఇస్తుంది. 1990ల తొలి సంవత్సరాల్లో టెక్సస్‌లోని హ్యూస్టన్ నగరంలో, రైస్ విశ్వవిద్యాలయం ఆవరణలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. మామూలు కీబోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసే నియమావళి అది. అమెరికా క్యాంపస్‌లలో చదువుకుంటున్న తెలుగువాళ్లు యూజ్‌నెట్ చర్చావేదికల్లో పద్యాలు, కథలు, వాదోపవాదాలు దానిలోనే రాసుకున్నారు. చూడటానికి అందంగా ఉండేది కాదు. ఆ తర్వాత కొన్నేళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ తమ సొంత ఫాంట్లతో చూడచక్కని తెలుగు పేజీలు ఇచ్చాయి. కానీ ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేతాల వరస. ఆ ఫాంటు కంప్యూటర్‌లో లేకపోతే పేజీ నిండా అర్థంలేని గుర్తులే. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటున్నా, విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు ఇళ్లకు చేరేదాకా ఆ చోటు సామాన్యులకు అందిరాలేదు. పత్రికల పాత పేజీలను చదవడానికి నాగార్జున వెన్న పద్మ అనే పరికరం రాయవలసి వచ్చింది. ఆర్‌టీఎస్ రాతకు ఆ అవస్థ రాలేదు. నియమం బహిరంగం, అక్షరాలు అందరివీ. కాబట్టి ఏ కాలంలోనైనా యూనికోడ్ తెలుగులోకి యాంత్రికంగా మార్చుకోవచ్చు. 2006లో వీవెన్ తెచ్చిన లేఖిని అనే తెలుగు రాత పరికరం ఆర్‌టీఎస్ పద్ధతి మీదే నడుస్తుంది. ఫైలు నిలవడం ఒకటి, ఫైలులోని రాత చదవగలిగేలా ఉండటం మరొకటి అని దీన్నిబట్టి తెలుస్తుంది. స్టాటిక్ పేజీ మొదటిదానికి తోడ్పడుతుంది. రెండోదాన్ని రాసేవాళ్లే చూసుకోవాలి.

ఇంత మేలైన పద్ధతిని 2000 తర్వాత సంఘాలు ఎందుకు వదిలేశాయి? ఇది కేవలం మోజు కాదు. స్టాటిక్ సైట్‌లో ఒక్క సమావేశం తేదీ మార్చాలన్నా హెచ్‌టీఎంఎల్ తెలిసిన మనిషి కావాలి, ఫైలును సర్వర్‌కు ఎక్కించడం రావాలి. ఆ మనిషి ఊళ్లో లేకపోతే పోయిన నెల నాటకం ప్రకటనే ఇంకా మొదటి పేజీ మీద ఉండేది. ఈ ఇరుకు నుంచి బయటపడే దారి కూడా విద్యార్థుల్లోంచే వచ్చింది. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయంలో డ్రీస్ బైటార్ట్ అనే విద్యార్థి 2000లో తన హాస్టల్ మిత్రుల కోసం ఒక చిన్న కబుర్ల పలక లాంటి సైట్ రాశాడు. 2001లో విడుదలైన ద్రుపాల్ అనే సైట్ నిర్వహణ ప్రోగ్రాంకు అదే మూలం. ఆర్‌టీఎస్ పుట్టిన ఆ హ్యూస్టన్‌లోనే మరో విశ్వవిద్యాలయంలో చదువుతున్న మాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లండ్‌లోని మైక్ లిటిల్‌తో కలిసి 2003 మే 27న వర్డ్‌ప్రెస్ తెచ్చాడు. బ్రౌజర్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, రాసి, బటన్ నొక్కితే పేజీ తయారు. కార్యదర్శి, కోశాధికారి, పత్రిక సంపాదకుడు ఎవరైనా రాయవచ్చు. అంతకుముందు వెబ్‌సైట్ అనేది ఒక్క కంప్యూటర్ కుర్రాడి సొంత రాజ్యంగా ఉన్న సంఘాల్లో ఇది నిజమైన ప్రజాస్వామ్యం. ఆ మేలును తక్కువ చేసి చూపితే చరిత్రకు అన్యాయం చేసినట్టే.

ఆ మేలుకు ఖరీదు కట్టింది రాసినవాళ్లు కాదు, తర్వాత వచ్చినవాళ్లు. డైనమిక్ సైట్ అప్పగించడమంటే డేటాబేస్, దాని పాస్‌వర్డ్, సైట్‌ను నడిపే పీహెచ్‌పీ భాష వెర్షన్, థీమ్, ప్లగిన్లు, వాటి నవీకరణలు, బ్యాకప్ అన్నీ అప్పగించడం. వీటిలో ఏ ఒక్కటి తెగినా మొదటి పేజీ కూడా తెరుచుకోదు. దీనికి రెండు ఉదాహరణలు చాలు. 2014 అక్టోబరు 15న ద్రుపాల్ 7లో ఒక పెద్ద లొసుగు బయటపడింది, అదే రోజు దిద్దుబాటు కూడా విడుదలైంది. రెండు వారాల తర్వాత ద్రుపాల్ భద్రతా బృందం ఒక హెచ్చరిక చేసింది. ప్రకటన వెలువడ్డ ఏడు గంటల్లోపు దిద్దుకోని ప్రతి సైట్‌లోకీ దొంగలు దూరినట్టే భావించుకోండి అని దాని సారాంశం. జీతం తీసుకునే ఉద్యోగులకే ఏడు గంటల గడువు కష్టం. పరీక్షలు రాసుకుంటున్న పిల్లలు దాన్ని అందుకోలేకపోతే తప్పు వాళ్లది కాదు. రెండో ఉదాహరణలో దొంగలు లేరు, కాలం గడవడమే ఉంది. 2000ల్లో చదువుకుంటూ కోడ్ నేర్చుకున్నవాళ్లు పీహెచ్‌పీలో డేటాబేస్‌ను పిలవడానికి వాడిన పాత మైఎస్‌క్యూఎల్ ఆదేశాలను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 పూర్తిగా తీసేసింది. సర్వర్ యజమాని కొత్త వెర్షన్‌కు మారిన రోజున, ఎవరూ చేయి పెట్టకుండానే, అలాంటి సొంత కట్టడాలు ఆగిపోయాయి. బాగుచేయాలంటే పదేళ్ల కిందట ఎవరో రాసిన కోడ్‌ను చదవాలి. 1993 నాటి హెచ్‌టీఎంఎల్ పేజీని ఈనాటి ఫోన్‌లో తెరిచి చూడండి, అది కనిపిస్తుంది.

వర్డ్‌ప్రెస్ 2013 అక్టోబరులోనే 3.7 వెర్షన్‌తో తనంతట తానే చిన్న దిద్దుబాట్లు చేసుకునే ఏర్పాటు తెచ్చింది కదా, ఇంకా భయమెందుకు అని అడగవచ్చు. ఆ ఏర్పాటు చాలా సైట్లను కాపాడింది. నెలనెలా డబ్బు కట్టి నిర్వహణ బయటివాళ్లకు అప్పగించే సంఘానికైతే నేను వద్దని చెప్పను. కానీ ఆ దిద్దుబాటు ప్రధాన ప్రోగ్రాంకే తప్ప, రచయిత వదిలేసిన ప్లగిన్‌కో, సీనియర్ ఒకరు సొంతంగా మార్చిన థీమ్‌కో వర్తించదు. నెలనెలా కట్టే డబ్బుకైతే నెలనెలా గుర్తుపెట్టుకునే మనిషి కావాలి. క్లబ్బులో ఎక్కువ కొరత దానికే.

2008లో రెండు సంఘటనలు దారి మళ్లించాయి. టామ్ ప్రెస్టన్-వెర్నర్ జెకిల్ అనే ప్రోగ్రాం విడుదల చేశాడు. సాదా పాఠ్యంగా రాసిన ఫైళ్లను తీసుకుని, ఒకే తీరు మూసలో పోసి, మొత్తం సైట్‌ను స్టాటిక్ పేజీలుగా తయారుచేసి పెడుతుంది. ఆ ఏడాది డిసెంబరులో గిట్‌హబ్ అలాంటి సైట్లను ఉచితంగా నిలుపుకునే జాగా ఇచ్చింది. నిజానికి ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. 2001 నాటి మూవబుల్ టైప్ కూడా రాసిన ప్రతిసారీ స్టాటిక్ పేజీలనే అచ్చు వేసేది. కొత్తది ఏమిటంటే సైట్ చరిత్ర మొత్తం గిట్ అనే మార్పుల నమోదు పద్ధతిలో ఉండటం. ఎవరు, ఏ రోజు, ఏ వాక్యం మార్చారో నమోదవుతుంది. సైట్‌ను దింపుకున్న ప్రతి సభ్యుడి దగ్గరా పూర్తి నకలు ఉంటుంది. పేజీ మార్చడానికి బ్రౌజర్‌లోనే దిద్దే వీలుంది కాబట్టి కార్యదర్శికి హెచ్‌టీఎంఎల్ రాకపోయినా గడుస్తుంది. 2000ల నాటి ప్రజాస్వామ్యం చాలావరకు తిరిగి దక్కింది. బరువు మాత్రం తిరిగి రాలేదు.

బరువు పూర్తిగా పోయిందనడం కూడా సరికాదు. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ భద్రత లేని చిరునామాలన్నిటి పక్కనా హెచ్చరిక చూపిస్తోంది. భద్రతా ధ్రువపత్రం లేని పాత స్టాటిక్ సైట్లు ఒక్కరోజులో అనుమానాస్పదమైపోయాయి. 2015 డిసెంబరు నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రాలను ఉచితంగా ఇస్తుండటం, 2018లో గిట్‌హబ్ సొంత డొమైన్లకు కూడా ఆ ఏర్పాటు కల్పించడం వల్ల ఆ గండం గడిచింది. జెకిల్ వంటి పనిముట్లకూ ముసలితనం ఉంది. ఐదారేళ్లు ముట్టుకోని సైట్‌ను కొత్త కంప్యూటర్‌లో మళ్లీ తయారుచేయబోతే జెకిల్‌ను రాసిన రూబీ భాష వెర్షన్ల తగాదాలు మొదలవుతాయి. గిట్‌హబ్ ఒక ప్రైవేటు కంపెనీది, 2018లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. జియోసిటీస్‌కు పట్టిన గతి దీనికి పట్టదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. ఇవన్నీ సరైన అభ్యంతరాలే. కానీ ఈ మూడింటిలో ఏది జరిగినా చేతిలో మిగిలేది ఏమిటో చూడాలి. తయారైన పేజీలను మూలంతో పాటు దాచుకుంటే, జెకిల్ చచ్చిపోయినా సైట్ బతికే ఉంటుంది. గిట్‌హబ్ మూసేస్తే ఆ ఫోల్డర్‌ను ఏ ఇతర సర్వర్‌లో పెట్టినా అదే సైట్. డైనమిక్ సైట్ ఆగిపోతే మిగిలేది డేటాబేస్ ముద్ద.

ఇక అసలైన పోటీదారు సామాజిక మాధ్యమం. సంఘానికి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, వాట్సాప్ గ్రూపు ఉంటే వెబ్‌సైట్ దేనికి అని ఈనాటి విద్యార్థి అడిగితే అది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. రేపటి కార్యక్రమం గురించి ఈ రోజు చెప్పడానికి వాటిని మించింది లేదు, ఆ పనికి వెబ్‌సైట్ వాడాలని నేనూ అనను. కానీ ఆర్కుట్‌ను తలుచుకోండి. 2004లో వచ్చి మన దేశపు కాలేజీ పిల్లలను ఊపేసిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న పోయింది. మాధ్యమం బతికున్నా ఆరేళ్ల కిందటి సమావేశం వివరాలు అందులో వెతికి పట్టడం చాలా కష్టం. నిన్నటి పోస్టు కింద మొన్నటిది పూడిపోవడమే దాని నిర్మాణం. ఫోన్ నంబరుకు కట్టేసిన ఖాతా మళ్లీ పాత టిల్డా రోజుల జబ్బునే తెచ్చింది. నంబరు గల సీనియర్ వెళ్లిపోతే ఖాతా అతనితోనే పోతుంది.

ఒక క్లబ్బుకు అంత పాత జ్ఞాపకం ఎందుకు, పిల్లలు వస్తారు, ఆడుకుంటారు, వెళ్తారు అనే వాదన ఒకటి మిగిలింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. సంఘం నియమావళి ఏమిటో, నిరుడు చందాలు ఎంత వసూలయ్యాయో, పదేళ్ల కిందట ఏ ఉపన్యాసకుడు వచ్చాడో, చేతిరాత పత్రికలో ఎవరి తొలి కథ పడిందో తెలియని సంఘం ప్రతి జులైలోనూ కొత్తగా పుట్టాల్సి వస్తుంది. మన సాహిత్య, రంగస్థల చరిత్రకారులు కాలేజీ మ్యాగజైన్లను ఎంత ఆశగా వెతుక్కుంటారో తెలిసినవాళ్లకు ఆ మ్యాగజైన్ల స్థానంలోకి ఇప్పుడు వెబ్ పేజీలే వచ్చాయని గుర్తుచేయనక్కర్లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి వెబ్ పేజీలను దాస్తోంది, 2001 నుంచి వాటిని అందరికీ చూపిస్తోంది. స్టాటిక్ పేజీని అది ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది. లాగిన్ గోడ వెనక ఉన్నదాన్ని పట్టుకోలేదు.

కాబట్టి నిర్వహణ అనే మాటను సాంకేతిక పనిగా కాక అప్పగింత పనిగా చూడాలి. డొమైన్ సొంత కార్డుతో కొన్న సీనియర్ పేరు మీద కాక, కాలేజీ చిరునామాలో ఒక ఉపచిరునామాగా అడిగి పుచ్చుకోవాలి. అది కుదరకపోతే సంఘం ఈమెయిల్ మీద, ఇద్దరికి తెలిసిన పాస్‌వర్డ్‌తో, కొన్నేళ్లకు ఒకేసారి కట్టి ఉంచాలి. నిర్వాహకులు ఎప్పుడూ ఇద్దరుండాలి, వాళ్లలో ఒకరు కచ్చితంగా జూనియర్ అయి ఉండాలి. ఏడాదికో ఫోల్డర్, ప్రతి కార్యక్రమానికీ తేదీతో ఒక పేజీ ఉంటే చాలు, హంగులు అక్కర్లేదు. పోస్టర్ బొమ్మ పెట్టి వదిలేయకుండా అందులోని విషయాన్ని యూనికోడ్ తెలుగులో రాయాలి. బొమ్మలోని అక్షరాలు వెతికితే సరిగ్గా దొరకవు, చూపులేనివారికి వినిపించవు. ఇప్పటికే వర్డ్‌ప్రెస్ సైట్ ఉండి చూసేవాళ్లు లేకపోతే, అది కూలిపోకముందే దాని పేజీలన్నిటినీ వీగెట్ వంటి పనిముట్టుతో స్టాటిక్ ఫైళ్లుగా దింపుకోవచ్చు. ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. హాల్ టికెట్లు చేతికి రాకముందే మీ సంఘం సైట్ ఫోల్డర్ మొత్తాన్ని ఒక జిప్ ఫైలుగా చేసి, ఏది ఎక్కడుందో చెప్పే ఒక పేజీ కాగితాన్ని జోడించి, ఒక నకలు జూనియర్‌కి, ఒక నకలు కాలేజీ గ్రంథాలయానికి ఇచ్చి వెళ్లండి.